మనస్సును కొలిచే చదువు

డిగ్రీలో మనస్తత్వ శాస్త్రాన్ని పాఠ్యాంశంగా ఎంచుకొన్న విద్యార్థికి తొలినాళ్లలోనే ఇరుగుపొరుగుల నుండి ఒక ప్రశ్న ఎదురవుతుంది: 'అయితే మా మనసులో ఏముందో చెప్పగలవా?' ఆ విద్యార్థి కూడా లోలోపల అటువంటి విద్యనే ఆశించి ఉంటాడు. కాని ప్రయోగశాలలో అడుగుపెట్టగానే అతని చేతికి అందేవి ఒక స్టాప్‌వాచి, కొన్ని పదాల పట్టికలు, గ్రాఫు కాగితం. ఈ ఆశాభంగమే ఆ శాస్త్రంలో మొదటి పాఠమని చెప్పవచ్చు.

మనస్సును గురించిన చింతన కొత్తది కాదు. పతంజలి యోగసూత్రాలు చిత్తవృత్తులను ఎంతో సూక్ష్మంగా వర్గీకరించాయి. అయితే ఆలోచించి చెప్పినదాన్ని కొలిచి చూడాలనే పట్టుదల పందొమ్మిదో శతాబ్దిలో బలపడింది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాలను నెలకొల్పడంతో ఈ శాస్త్రం తత్త్వశాస్త్రం నుండి వేరుపడసాగింది. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలోను, 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావు కృషితో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను దీనికి ప్రత్యేక శాఖలు ఏర్పడ్డాయి.

ఇంద్రియానుభూతి, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, మూర్తిమత్వం మొదలైనవి సాధారణంగా తొలి దశలో బోధించే అంశాలు. శిశు వికాసం, సాంఘిక ప్రవర్తన, మానసిక రుగ్మతలు తరువాత వస్తాయి. వీటితోపాటు గణాంక శాస్త్రం కూడా ఉంటుంది. లెక్కలను తప్పించుకోవడానికే ఈ చదువులో చేరిన వారికి అది పిడుగుపాటే! కాని ఒక ఫలితం నిజమైనదో, యాదృచ్ఛికమో తేల్చుకొనే మార్గం వేరొకటి లేదు.

స్మృతిని గురించిన అధ్యాయం విద్యార్థులకు మిక్కిలి ఆసక్తికరమైనది. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరకూటాలను వేల సంఖ్యలో తయారుచేసుకొని, తనకు తానే ప్రయోగపాత్రుడై, వాటిని వల్లెవేశాడు. 1885లో ప్రకటించిన ఆయన ఫలితాల ప్రకారం, ఒకసారి నేర్చినదాన్ని ఇరవై నిమిషాల తరువాత తిరిగి నేర్చుకొన్నప్పుడు మొదటి శ్రమలో 58 శాతం ఆదా అయింది. ఒక రోజు గడిచేసరికి ఆ ఆదా 34 శాతానికి పడిపోయింది. నెల తరువాత చూస్తే మాత్రం ఇంకా 21 శాతం మిగిలే ఉంది. అంటే మరపు మొదట వడివడిగా, ఆ తరువాత నెమ్మదిగా సాగుతుందన్నమాట. ఆయనే బైరన్ కావ్యంలోని పద్యాలను కంఠస్థం చేసి చూడగా, అర్థంలేని కూటాలతో పోల్చితే ఇంచుమించు పదోవంతు శ్రమ సరిపోయింది. అర్థం, ఛందస్సు, అంత్యప్రాస స్మృతికి ఆలంబనలవుతాయి. యతిప్రాసలతో కూడిన శతక పద్యం బాల్యంలో నేర్చినది వార్ధక్యంలోనూ నాలుక చివర నిలవడం తెలుగువారికి అనుభవమే.

పరీక్షలకు చదివేవారు తెలుసుకోదగిన ప్రయోగం మరొకటి ఉంది. 2006లో అమెరికాలో రోడిజర్, కార్పికీ అనే పరిశోధకులు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. మరికొందరి చేత ఒకసారి చదివించి, రెండోసారి పుస్తకం లేకుండా గుర్తున్నంత వరకు రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే ముందున్నారు. కాని వారం గడిచాక వారికి 42 శాతం గుర్తుండగా, రాసి చూసుకొన్నవారికి 56 శాతం గుర్తుంది. మళ్లీ మళ్లీ చదవడం వల్ల కలిగేది చాలావరకు 'వచ్చింది' అనే భ్రాంతి. పుస్తకం మూసి అప్పజెప్పించుకొన్న వెనుకటి బడిపంతుళ్లకు ఈ సంగతి ప్రయోగం లేకుండానే తెలిసి ఉండాలి.

అయితే గుర్తున్నదంతా జరిగినదేనా? 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కొందరికి కార్ల ప్రమాదాన్ని చిత్రంలో చూపించారు. 'కార్లు ఎంత వేగంతో తగిలాయి?' అని కొందరిని, 'ఎంత వేగంతో ఢీకొని నుజ్జయ్యాయి?' అని మరికొందరిని అడిగారు. వారం తరువాత 'పగిలిన గాజును చూశారా?' అని ప్రశ్నిస్తే, మొదటి జట్టులో 50 మందికి ఏడుగురు, రెండో జట్టులో 50 మందికి 16 మంది చూశామన్నారు. చిత్రంలో పగిలిన గాజే లేదు! వారెవరూ అబద్ధమాడలేదు. ప్రశ్నలోని ఒక్క క్రియాపదం వారి స్మృతిని మార్చివేసింది. ప్రత్యక్షసాక్షి మాటపై ఒకరి స్వేచ్ఛ ఆధారపడే న్యాయస్థానంలో ఇది చిన్న విషయం కాదు.

ఈ శాస్త్రం తన ఫలితాలనూ సందేహించక తప్పలేదు. ప్రచురితమైన వంద అధ్యయనాలను తిరిగి నిర్వహించి చూడగా, వాటిలో నలభై శాతం కంటె తక్కువే మొదటి ఫలితాన్ని నిలబెట్టుకొన్నాయని 2015లో వెల్లడైంది. పాఠ్యగ్రంథంలో ఉన్నంత మాత్రాన ఒక విషయం సత్యం కాదని విద్యార్థి పాఠ్యగ్రంథం నుండే నేర్చుకోవలసి రావడం విచిత్రమే.

రుగ్మతల అధ్యాయం చదివేటప్పుడు విద్యార్థికి ఒక్కొక్క లక్షణమూ తనలోనే కనిపిస్తుంది. ఒకనాటి దిగులు, పరీక్షకు ముందు నిద్ర పట్టకపోవడం వ్యాధులు కావు. ఆ బాధ ఎంతకాలంగా ఉంది, తిండి, నిద్ర, చదువు, స్నేహాలను ఎంతవరకు చెరిచింది అన్నవి చూడాలి. వాటిని నిర్ణయించవలసినవారు నిపుణులే. డిగ్రీ చదువు చికిత్సకు అర్హతనివ్వదు. మిత్రుడు మాటలు తగ్గించి, ఒంటరితనాన్ని కోరుకొంటూ, బ్రతుకు మీద విరక్తి కనబరచినప్పుడు అతని మాటను అడ్డుకోక వినడం, ఒంటరిగా విడువక వైద్యుని వద్దకు తీసుకొనిపోవడం మాత్రం ఆ చదువు నేర్పగలదు. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2022లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన 'టెలి మానస్' సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.