పొగమంచు: కథల్లో అందం.. చరిత్రలో మలుపు.. ఓ సైన్యాన్ని కాపాడింది, ఓ నగరం ఊపిరి తీసింది!

సినిమాలో పొగమంచు కమ్మిందంటే చాలు.. ఏదో జరగబోతోందని ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. హత్యా, దెయ్యమా, ప్రేమికుల వీడ్కోలా అన్నది డైరెక్టర్ ఇష్టం. కానీ నిజ జీవితంలో ఇదే పొగమంచు యుద్ధాల ఫలితాన్ని మార్చేసింది. వేలమంది ప్రాణాలు తీసింది. విమానయాన రూల్స్‌నే తిరగరాయించింది. ఆ కథేంటో చూద్దాం.

అసలు పొగమంచు అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే నేలను తాకిన మేఘమే పొగమంచు. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న గాలి కూడా చల్లబడి, అందులోని తేమ దుమ్ము, పొగ కణాల చుట్టూ చేరి సన్నటి నీటి బిందువులుగా మారుతుంది. కిలోమీటరు కంటే తక్కువ దూరం మాత్రమే కనిపిస్తే వాతావరణ శాఖ లెక్కలో అది పొగమంచు. 50 మీటర్ల అవతల ఏమీ కనిపించకపోతే అతి దట్టమైన పొగమంచు. పొగ కణాలు అన్న మాట గుర్తుపెట్టుకోండి. లండన్ విషాదానికి మూలం అక్కడే ఉంది.

వ్యాసుడి పుట్టుకలోనూ ఉంది

పొగమంచును కథలో తెరలా వాడటం కొత్తేమీ కాదు. మహాభారతం ఆదిపర్వంలోనే ఆ సన్నివేశం ఉంది. యమునా నదిలో పడవ నడుపుతున్న సత్యవతిని పరాశర మహర్షి చూసి మోహిస్తాడు. ఒడ్డున ఉన్న మునులు చూస్తారని ఆమె సందేహిస్తుంది. అప్పుడు ఆయన తన తపోశక్తితో నది మీద మంచు తెర సృష్టిస్తాడు. సంస్కృతంలో దీన్నే నీహారం అంటారు. అలా యమున మధ్యలోని ద్వీపంలో పుట్టినవాడే వ్యాసుడు. అందుకే ఆయనకు ద్వైపాయనుడు అనే పేరు వచ్చింది. అంటే భారతం చెప్పిన మహర్షి పుట్టుక వెనకే పొగమంచు ఉందన్నమాట!

తెల్లారేసరికి సైన్యం మాయం

ఇక అసలైన చరిత్రలోకి వద్దాం. 1776 ఆగస్టులో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతోంది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో జార్జ్ వాషింగ్టన్ సైన్యం బ్రిటిష్ సేనల చేతిలో చిత్తుగా ఓడింది. ముందు శత్రువు, వెనక ఈస్ట్ రివర్. ఆగస్టు 29 రాత్రి వాషింగ్టన్ చప్పుడు కాకుండా సుమారు 9 వేల మందిని పడవల్లో మాన్‌హాటన్‌కు తరలించడం మొదలుపెట్టాడు.

తెల్లవారుతున్నా ఇంకా చాలామంది ఇవతలి ఒడ్డునే ఉండిపోయారు. వెలుగొస్తే బ్రిటిష్ వాళ్లకు దొరికిపోవడం ఖాయం. సరిగ్గా అప్పుడే దట్టమైన పొగమంచు కమ్మేసింది. దాని చాటునే మిగిలినవాళ్లూ నది దాటేశారు. బ్రిటిష్ సైనికులు వచ్చి చూస్తే కందకాలు ఖాళీ! ఆ సైన్యం అక్కడే చిక్కి ఉంటే అమెరికా పోరాటం అప్పుడే ముగిసిపోయేదని చాలామంది చరిత్రకారుల మాట.

సొంతవాళ్లనే కొట్టుకున్నారు

పొగమంచు అందరినీ ఇలా కాపాడలేదు. 1471 ఏప్రిల్ 14న ఇంగ్లండ్‌లోని బార్నెట్ దగ్గర రెండు రాజవంశాల మధ్య యుద్ధం జరిగింది. లాంకాస్టర్ పక్షాన పోరాడుతున్న ఆక్స్‌ఫర్డ్ ప్రభువు దళం, పారిపోతున్న శత్రువులను తరిమి మళ్లీ యుద్ధభూమికి తిరిగొచ్చింది. వాళ్ల గుర్తు కిరణాలున్న నక్షత్రం. శత్రువైన నాలుగో ఎడ్వర్డ్ గుర్తు కిరణాలున్న సూర్యుడు. మసక మంచులో రెండూ ఒకేలా కనిపించాయి. ఇంకేముంది.. సొంత సైన్యమే వాళ్లపై విరుచుకుపడింది. ద్రోహం అంటూ కేకలు లేచాయి. సేన చెల్లాచెదురైంది. యుద్ధం ఎడ్వర్డ్ గెలిచాడు.

సినిమాకు ఎందుకంత ఇష్టం?

కారణం అదే. కనిపించనిదాన్ని మనిషి మనసు ఊహించుకుంటుంది, ఆ ఊహే భయపెడుతుంది. షెర్లాక్ హోమ్స్ నవల 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' క్లైమాక్స్‌లో వేటకుక్క మంచులోంచే దూసుకొస్తుంది. హిచ్‌కాక్ 1927లో తీసిన 'ది లాడ్జర్' కథంతా లండన్ పొగమంచు చుట్టూనే తిరుగుతుంది.

పొగమంచుతో ఇంకో లాభం కూడా ఉంది. సెట్‌లోని లోపాలను కప్పేస్తుంది. 1942 నాటి 'కాసాబ్లాంకా' చివర్లో వచ్చే ఎయిర్‌పోర్ట్ వీడ్కోలు సీన్ ప్రపంచ ప్రసిద్ధం. అందులో వెనక కనిపించే విమానం నిజమైనది కాదు, చిన్న సైజు నమూనా. అది పెద్దదిగా కనిపించాలని దాని దగ్గర పొట్టిగా ఉన్న వాళ్లను నిలబెట్టారు. ఆ గుట్టు బయటపడకుండా చుట్టూ కృత్రిమ మంచు వదిలారు.

మన పౌరాణిక సినిమాల్లో ఇంద్రలోకం సీన్లు గుర్తున్నాయా? దేవతల కాళ్ల దగ్గర తెల్లటి పొగ తేలుతుంటుంది. ఇలాంటి ఎఫెక్ట్ కోసం డ్రై ఐస్ వాడుతుంటారు. అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. దాని ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీలు. గోరువెచ్చటి నీళ్లలో వేస్తే వచ్చే చల్లటి పొగ గాలి కంటే బరువు కాబట్టి పైకి లేవకుండా నేల మీదే పరుచుకుంటుంది.

అలవాటైపోయిన విషం

కథల్లో లండన్ పొగమంచుకు ఎంత పేరంటే, ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే ఆ రంగుల కోసమే అక్కడికి వెళ్లి బొమ్మలు గీశాడు. కానీ అది మామూలు మంచు కాదు. లక్షల ఇళ్ల పొయ్యిలు, ఫ్యాక్టరీల నుంచి వచ్చే బొగ్గు పొగ కలిసిన మంచు. పొగను, మంచును కలిపి స్మాగ్ అనే మాట పుట్టింది కూడా దీనివల్లే.

1952 డిసెంబర్ 5న లండన్‌ను మళ్లీ పొగమంచు కమ్మింది. చల్లటి గాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చోవడంతో పొగ పైకి పోలేదు. బస్సుల ముందు కండక్టర్లు దీపాలు పట్టుకుని నడిచారు. పొగ థియేటర్లలోకి కూడా చొరబడింది. స్టేజీ కనిపించక ఓ ఒపేరా ప్రదర్శన మధ్యలోనే ఆగిపోయింది. ఇంత జరిగినా జనం పెద్దగా కంగారుపడలేదు. లండన్ అంటే పొగమంచు మామూలే కదా అనుకున్నారు. ఆ తర్వాత లెక్క తీస్తే దాదాపు 4 వేల మంది అదనంగా చనిపోయారని తేలింది. తర్వాతి పరిశోధనలు ఆ సంఖ్యను 12 వేల వరకూ చెప్పాయి. 1956లో బ్రిటన్ క్లీన్ ఎయిర్ యాక్ట్ తెచ్చింది. ఏటా చలికాలంలో ఢిల్లీ వార్తలు వింటున్న మనకు ఈ కథ కొత్తగా అనిపించదు.

ఒక్క మాట.. 583 ప్రాణాలు

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలోని ఎయిర్‌పోర్ట్‌ను పొగమంచు కప్పేసింది. రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలున్నాయి. ఒకదానికొకటి కనిపించవు. కంట్రోల్ టవర్‌కు రెండూ కనిపించవు. రేడియోలో మాటలే ఆధారం. ఆ మాటల్లో తికమక వచ్చి, అనుమతి రాకుండానే కేఎల్‌ఎం విమానం టేకాఫ్ మొదలుపెట్టింది. ఎదురుగా రన్‌వే మీదే ఉన్న పాన్ యామ్ విమానాన్ని ఢీకొట్టింది. 583 మంది చనిపోయారు. ఆ తర్వాతే రేడియోలో వాడే మాటలను కట్టుదిట్టం చేశారు. టేకాఫ్ అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనే మాటే వాడకూడదన్నది అందులో ముఖ్యమైనది.

రోడ్డెక్కేవాళ్లకు అసలు పాఠం

లంబసింగిలో, అరకులో తెల్లవారుజామున మంచు చూసి మురిసిపోవడంలో తప్పేమీ లేదు. సమస్యల్లా ఆ మంచులో స్టీరింగ్ పట్టుకున్నప్పుడే. చాలామంది హైబీమ్ వేస్తారు. ఆ వెలుగు నీటి బిందువులకు తగిలి తిరిగి కళ్లలోనే పడుతుంది, ముందున్నది ఇంకా కనిపించదు. అందుకే లోబీమ్, ఫాగ్ ల్యాంప్స్ వాడాలి. వేగం బాగా తగ్గించాలి. ముందు బండికి దూరం పాటించాలి. రోడ్డు బొత్తిగా కనిపించకపోతే రోడ్డు దిగి, సురక్షితమైన చోట ఆగిపోవడమే మేలు. వాషింగ్టన్‌కు దొరికిన అదృష్టం ప్రతి ఒక్కరికీ దొరకదు. కాస్త ఎండ వచ్చేదాకా ఓ టీ తాగి బయల్దేరితే పోయేదేమీ లేదు.