లక్షా నలభై వేలు తిరిగిన క్యూ7కి ఎంత ఇవ్వొచ్చు?

మొన్న మా ఫ్రెండ్ ఒకడు 1,40,000 కిలోమీటర్లు తిరిగిన ఢిల్లీ బండి, డీజిల్ ఆడి క్యూ7 ఫొటోలు పంపి, "కొత్తది కోటి దగ్గర్లో ఉంది, ఇది 14 లక్షలే రా" అన్నాడు.

అసలు ఆ పోలికే తప్పు. షోరూమ్ రేటు కాదు, రాబోయే ఖర్చు చూడాలి. పదేళ్లు దాటిన డీజిల్ బండి అంటే ఢిల్లీలో ఆంక్షల భయం, అందుకే చవక. హైదరాబాద్ తెస్తే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, లైఫ్ ట్యాక్స్ మళ్లీ మనమే కట్టాలి.

రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే చూడండి. ఎయిర్ సస్పెన్షన్ ఉండి ఒక మూల కిందికి దిగిందా, లీక్ ఉన్నట్టే అనుకోండి. మీటర్‌ని నమ్మొద్దు, సర్వీస్ హిస్టరీతో సరిచూడండి. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్‌కి కొటేషన్ తీసుకుని, అదంతా అడిగిన రేటులోంచి తీసేయండి.

మావాడు అలాగే లెక్కేసి 9 చెప్పాడు. ఓనర్ ఫోన్ కట్ చేశాడు. వారం తర్వాత ఆయనే చేశాడు, పదికైతే ఇస్తానని. మావాడింకా తొమ్మిది దగ్గరే ఉన్నాడు.