‘బ్రైట్’ చలనచిత్రమును గూర్చిన ప్రేక్షకాభిప్రాయభేదము

ఒకే దృశ్యమును జూచినవారిలోఁ గొందఱు మెచ్చుటయు, మఱికొందఱు మెచ్చకుండుటయు లోకమున నెల్లప్పుడు నున్నదే. కాని విమర్శకులలోఁ బెక్కుమంది నిరాకరించిన కృతిని సామాన్యప్రేక్షకు లంత గట్టిగానే యాదరించుట యరుదు. అట్టి సందర్భమునకు ‘బ్రైట్’ అను నమెరికా చలనచిత్రము మంచి యుదాహరణము. ఇది మాక్స్ లాండిస్ రచనతో, డేవిడ్ అయర్ దర్శకత్వమున సిద్ధమై, 2017 డిసెంబరు 22వ తేదీన నెట్‌ఫ్లిక్స్ సంస్థచే విడుదల చేయఁబడినది. దీనికైన వ్యయము సుమారు 9 కోట్ల డాలర్లు. దీనిని జూచి మెచ్చినవా రజ్ఞులా? మెచ్చనివా రరసికులా? ఈ రెండును గావు. ఇరు తెగలవారును వేర్వేఱు ప్రశ్నలకు సమాధానము చెప్పిరి. మన యాలంకారికులు చేసిన రసవిఘ్నవిచారముచే నీ విషయము సుబోధ మగును.

కథాస్వరూపము

ఈ చిత్రమున రెండు కథాజాతులు కలిసినవి. మొదటిది జంటభటుల కథ. స్వభావమునఁ బరస్పరవిరుద్ధులైన యిరువురు రక్షకభటులు విధివశమున నొక్క బండిలోఁ దిరుగవలసివచ్చుట, మొదట నొకని నొకఁడు సహింపకుండుట, ఆపదలోఁ గలిసి పోరాడి తుదకు మిత్రు లగుట దీని లక్షణము. 1987లో వెలువడిన ‘లీథల్ వెపన్’ ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధము. రెండవది నగరాద్భుతకథ. పూర్వకాలపు టడవులలోను గోటలలోను గాక, నేఁటి నగరపు వీథులలోనే మాంత్రికులును, మానుషేతరజాతులును సంచరించుట దీని లక్షణము. వీరహాస్యములు మొదటిదానికిఁ బ్రాణము. అద్భుతము రెండవదానికిఁ బ్రాణము.

కథ లాస్ ఏంజెలిస్ నగరమున జరుగును. అచట మనుష్యులతోపాటు ఎల్ఫులు, ఆర్కులు మొదలగు జాతులు నివసించును. ఎల్ఫులు ధనికులు, వారికిఁ బ్రత్యేకమైన పేట యున్నది. ఆర్కులు దరిద్రులు; రెండువేల యేండ్ల క్రిందట వారు తమఃప్రభు వనఁబడు దుష్టుని పక్షమునఁ బోరాడిరను నింద వారిని విడువలేదు. వార్డ్ అను మానవభటునికి (విల్ స్మిత్) జాకొబీ అను నార్కు (జోయల్ ఎడ్జర్టన్) సహచరుఁడుగా నియమింపఁబడును. భటోద్యోగమును బొందిన మొదటి యార్కు జాకొబీయే. వార్డ్‌ను దుపాకితోఁ గొట్టిన యార్కు దొంగను జాకొబీ కావలసియే విడిచిపెట్టెనని తోడి భటుల యనుమానము. తన జాతివారును అతనిని దమవానిగా నంగీకరింపరు. అతని కోఱలు రాచివేయఁబడి యున్నవి. ఒక రాత్రి వీరికి మంత్రదండ మొకటియు, దానితోఁ బాఱిపోవుచున్న టిక్కా యను నెల్ఫుకన్యయుఁ గనఁబడుదురు. ఆ దండమును ముట్టుకొనఁగల యరుదైన వారికే ‘బ్రైట్’ అని పేరు. ఇతరులు ముట్టినచో నశింతురు. దండమును గోరి తోడి భటులును, వీథిమూఁకలును, లైలా యను దుష్టయైన యెల్ఫును వీరిని వెన్నాడుదురు. తుదకు వార్డే ‘బ్రైట్’ అని తేలును. జాకొబీని దన జాతి గౌరవించును.

ఇరుపక్షముల వాదములు

రాటెన్ టొమేటోస్ అను విమర్శసంకలనస్థానమున నీ చిత్రమున కనుకూలముగా వ్రాసిన విమర్శకులు నూటికి నించుమించుగా నిరువదియాఱుగురు. అచటనే యభిప్రాయము దెలిపిన ప్రేక్షకులలో మెచ్చినవారు సుమారు నైదింట నాలుగు పాళ్లు. ఈ యంకెల యర్థమును మొదట సరిగా గ్రహింపవలెను. నూటికి 26 అనఁగా చిత్రమునకు వచ్చిన ‘మార్కులు’ కావు; అనుకూలముగా వ్రాసినవారి పాలు మాత్రమే. ‘ఫరవాలేదు’ అన్నవాఁడును, ‘అత్యుత్తమము’ అన్నవాఁడును నీ గణనమున సమానులే. ప్రేక్షకుల యంకెయుఁ దామై వచ్చి చెప్పినవారి మాటయే కాని చూచిన వారందఱి మాట కాదు.

విమర్శకుల యాక్షేపములు ముఖ్యముగా మూఁడు. ఆర్కులను జూపుచు నమెరికాలోని నల్లజాతివారి దురవస్థను సూచింప యత్నించిరి గాని, యా సూచన యతుకలేదనుట మొదటిది. ఆర్కుల వేషభాషలలో నల్లజాతివారిని, లాటిన్ జాతివారిని గూర్చి యెప్పటినుండియో యున్న హీనకల్పనలే కనఁబడుచున్నవనుట రెండవది. కథాప్రపంచపు చరిత్రము తొందరతొందరగాఁ జెప్పఁబడి, యనేకాంశములు తెలియకుండఁబోయెననుట మూఁడవది.

మెచ్చినవారి మాట వేఱు. స్మిత్, ఎడ్జర్టన్‌ల జోడి వారిని నవ్వించినది. ముఖమంతయు వేషపుఁబూఁతతోఁ గప్పఁబడినను జాకొబీ యమాయకత్వము నెడ్జర్టన్ చక్కఁగాఁ బ్రకటించెనని వారనిరి. భటుల బండియు మంత్రదండమును నొక్క వీథిలోఁ గనఁబడుట వారికిఁ గ్రొత్తగాఁ దోఁచినది. విమర్శకులకు లోపమైన చరిత్రసంక్షేపమే వారిలోఁ గొందఱకుఁ గుతూహలకారణమై, ‘ఈ లోకమును గూర్చి యింకను దెలిసికొనవలె’ నను కోరికను బుట్టించినది.

భరతుఁడు చెప్పిన సిద్ధిభేదములు

ప్రేక్షకుల ప్రతిస్పందము నాట్యశాస్త్రమున 27వ యధ్యాయమునందు సిద్ధి యను పేర విచారింపఁబడినది. సిద్ధి మానుషియనియు, దైవికియనియు రెండు విధములు. మానుషీసిద్ధి మరల వాఙ్మయియు, శారీరియు నగును. చిఱునవ్వు, పెద్దనవ్వు, ‘సాధు’ ‘అహో’ ‘కష్టము’ అను మాటలు మొదటిదానికి గుఱుతులు. పులకలు, ఆసనమునుండి లేచుట, వస్త్రములను గానుకగా విసరుట రెండవదానికి గుఱుతులు. రంగశాల నిండియుండియు శబ్దము గాని క్షోభ గాని లేకుండుట దైవికి. నిండిన శాల యొక్కటియే చాలదనియు, ఆ నిండుదనమున నిశ్శబ్దమును దల్లీనతయుఁ గావలెననియు దీని తాత్పర్యము.

అంతియ కాదు. ప్రేక్షకులందఱు నేకరూపు లని భరతుఁడు తలంపలేదు. యువకులు శృంగారమును, శూరులు వీరరౌద్రములను, వృద్ధులు ధర్మకథలను, శాస్త్రజ్ఞులు శాస్త్రవిషయమును గోరుదురనియు, సర్వగుణములు నొక్కనియం దుండవనియు నతఁడు చెప్పెను. ప్రయోగమును గూర్చి వివాదము పుట్టినప్పుడు తీర్పు చెప్పుటకై ప్రాశ్నికులను నియమించి, వారిలో యజ్ఞవేత్తను, నర్తకుని, ఛందోవేత్తను, శబ్దవేత్తను, ధనుర్వేత్తను, చిత్రకారుని, వేశ్యను, గాయకుని, రాజును, రాజసేవకుని బేర్కొనెను. వీరిలో నొక్కొక్కఁడు తన విషయముననే ప్రమాణము. శబ్దవేత్త పాఠ్యమును బరీక్షించును. విండ్లు పట్టు తీరు నతఁడు విచారింపఁడు.

ఈ విభాగమును ‘బ్రైట్’ విషయమున నన్వయించినచో వివాదము సగము తీఱును. జోడి చక్కఁగా నున్నదా, నవ్వు వచ్చినదా, వేషము నమ్మఁదగి యున్నదా యను ప్రశ్నలకు సామాన్యప్రేక్షకుఁడు ప్రమాణము కాఁగలఁడు. కథ సూచించిన యర్థము నిలిచినదా యను ప్రశ్నకు విమర్శకుఁడు ప్రమాణము. మొదటివాఁడు వాచ్యమును జూచెను. రెండవవాఁడు వ్యంగ్యమును బరీక్షించెను.

విఘ్న మెక్కడఁ గలిగినది?

మిగిలిన సగము రసవిఘ్నముల వలనఁ దెలియును. అభినవగుప్తుఁడు రసప్రతీతికి విఘ్నములు ఏడని చెప్పెను. అందు మూఁడిచట ముఖ్యములు. సంభావనావిరహము, అనఁగా ‘ఇట్లు జరుగునా’ యని నమ్మలేకపోవుట మొదటిది. స్వపరగతదేశకాలావేశము, అనఁగాఁ గథలోని సుఖదుఃఖములు సర్వసాధారణములుగా భాసింపక, ఇవి నావి, ఇవి ఫలానివారివి, ఈ కాలమువి యని తోఁచుట రెండవది. సంశయము మఱియొకటి.

ఆర్కు భటోద్యోగి యగుట యసంభావ్యమని యే ప్రేక్షకుఁడు నాక్షేపింపలేదు. 1954–55లలోఁ బ్రకటింపఁబడిన టోల్కీన్ రచనల మూలమునను, వానిని బట్టి పుట్టిన ఆటల మూలమునను ఆర్కులు, ఎల్ఫులు ఆంగ్లపాఠకలోకమునకుఁ బరిచితులే. ప్రసిద్ధవస్తువు సంభావనకుఁ దోడ్పడును. కావున మొదటి విఘ్నము కలుగలేదు.

రెండవది మాత్రము కలిగినది. చిత్రారంభమున వార్డ్ తన యింటి ముందర నెగురుచున్న ‘ఫెయిరీ’ యను చిన్న రెక్కలప్రాణిని జీపురుతోఁ గొట్టి చంపుచు, నల్లజాతివారి ప్రాణములకును విలువ కలదని 2013 నుండి యమెరికాలో వ్యాపించిన నినాదమును వికటముగా ననుకరించును. ఆ నినాద మా దేశమున నిజమైన మరణములనుండి పుట్టినది. దానిని వినఁగనే యా చరిత్ర మెఱిఁగిన ప్రేక్షకుని మనస్సు కథాలోకమును విడిచి తన దేశకాలములకు మరలును. సాధారణీకరణము భగ్న మగును. ఆ మాటను వట్టి చమత్కారముగాఁ గొని దాఁటిపోయినవానికి విఘ్నము లేదు. ఆ మాట పలికినవాఁడు నల్లజాతి నటుఁ డగుటచే నందలి వ్యంగ్యము మఱింత చిక్కుపడినది.

సంశయమును గలిగినది. ఆర్కులు నల్లజాతివారికిఁ బ్రతీకలా, కారా? అగుదు రన్నచో, వారి పూర్వులు నిజముగానే దుష్టుని సేవించిరను వాచ్యార్థ మడ్డుపడును. నిందకుఁ గారణము కథలో సత్యమైనప్పుడు, నిష్కారణద్వేషము బాధించు జాతికి వారెట్లు ప్రతీక లగుదురు? కారన్నచో వారి వేషభాషలును, భటులు వారిపైఁ జేయు దౌర్జన్యమును వ్యర్థ మగును. లక్షణకు ముఖ్యార్థబాధము బీజము. కాని యిచట ముఖ్యార్థము బాధితము కాక, లక్ష్యార్థమునే బాధించుచున్నది. ఇదియే విమర్శకుల మొదటి యాక్షేపమునకు శాస్త్రీయమైన రూపము.

దీనితో 1988లో వెలువడిన ‘ఏలియన్ నేషన్’ చిత్రమును బోల్చి చూడవచ్చును. అందును లాస్ ఏంజెలిస్ నగరమే. అందును మానవభటునికి మానుషేతరుఁడు సహచరుఁడు. కాని యా పరలోకవాసులు దాస్యమునకై పెంపఁబడి, యోడ పాడై భూమిపై దిగినవారు. వారియెడ ద్వేషమునకు వారి పూర్వపాతక మేదియుఁ గారణము కాదు. క్రొత్తగా వచ్చుటయే కారణము. అచట వాచ్యము వ్యంగ్యమును మోయఁగలిగినది. కావున మానుషేతరులచే మానవజాతుల బాధను సూచించుట దోషము కాదు. సూచించు కథ సూచితార్థమునకు విరుద్ధముగా నుండుటయే దోషము.

అయినను ‘బ్రైట్’ చిత్రమున సూచన యంతయు విఫల మైనదనుట న్యాయము కాదు. జాకొబీ దొంగను గాక, పొరపాటున వేఱొక యార్కు బాలుని వెంబడించెననియు, తోడి భటులు వానిని జంపుదురను భయమున విడిచిపెట్టెననియు నతఁడు వార్డ్‌తోఁ జెప్పు ఘట్టమున విఘ్నము లేదు. అచట జాతిప్రతీక యేదియు నవసరము లేదు. ఇరుకునఁ బడిన యొక్క మనస్సు చాలును. జాకొబీపై ప్రేక్షకులు చూపిన యాదరమున కీ ఘట్ట మెంతయుఁ దగినది.

సంఖ్య దేనికిఁ బ్రమాణము?

విడుదలైన మొదటి మూఁడు దినములలో నమెరికాలో సగటున 1 కోటి 10 లక్షల మంది దీనిని జూచిరని నీల్సన్ సంస్థ లెక్కించినది. ఆ లెక్క యింటి టెలివిజను పెట్టెలకే పరిమితము. 2018 జనవరిలో రెండవ భాగము తీయఁబడునని ప్రకటన వెలువడెను. జనాదరము గలిగినందున విమర్శకుల మాట తేలిపోయెనను వాదమును నప్పుడే బయలుదేఱినది.

ఈ వాదము హేత్వాభాసము. చూచుట వేఱు, మెచ్చుట వేఱు, కృతి నిర్దోష మగుట వేఱు. టికెట్టు కొని పోవువాఁ డొక్క చిత్రమునకై ధనము వెచ్చించును. ముందే చందా కట్టినవానికి వేఱు వ్యయము లేదు. సెలవుదినములలో, ప్రసిద్ధనటుఁ డున్న చిత్రమును, ఇంటనే కూర్చుండి తెఱచి చూచుట కుతూహలమును దెలుపును గాని రససిద్ధిని దెలుపదు. తరువాతి చరిత్రమును నీ భేదమునే చూపుచున్నది. 2021 అక్టోబరులో ‘బ్రైట్: సామురాయ్ సోల్’ అను బొమ్మల చిత్రము వెలువడినది, రెండవ భాగము మాత్రము విరమింపఁబడెనని 2022లో వార్త వచ్చినది.

అట్లని సామాన్యప్రేక్షకుని యానందమును గాదనుటకు విమర్శకున కధికారము లేదు. నవ్వినవాని నవ్వు మాయ కాదు. భరతుఁడు దానిని సిద్ధిలోనే చేర్చెను. కాని యొక జాతి యనుభవించిన నిజమైన దుఃఖమును వ్యంగ్యముగా స్వీకరించిన కవి, ఆ దుఃఖము వాచ్యముచేఁ దలక్రిందులు కాకుండఁ గాపాడవలసినవాఁడు. ఈ యంశమున సంఖ్య సాక్ష్యము చెప్పఁజాలదు, అర్థవిచారమే చెప్పవలెను.

పాఠశాలలో విద్యార్థి యొక చిత్రమును మెచ్చి, పండితుఁడు మెచ్చనప్పుడును నీ భేదమే యుపయోగించును. ‘నీకు నచ్చినదేమి?’ యనునది యొక ప్రశ్న. ‘అది చెప్పఁదలఁచిన యర్థము నిలిచినదా?’ యనునది వేఱొక ప్రశ్న. మొదటిదానికి విద్యార్థి చెప్పిన సమాధానమును గౌరవించి, రెండవదానిని వానిచేతనే విచారింపఁజేయుట యుక్తము. ‘బ్రైట్’ చిత్రము మొదటి ప్రశ్నలో చాలమందికడఁ దేఱినది. రెండవ ప్రశ్నలోఁ దేఱలేదు.