4.3 ఇంటి ముద్రణలో సిరా పొదుపు

దేవరకొండలోనో, అచ్చంపేటలోనో ఉండే విద్యార్థి ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్‌పై నెలకు పది పేజీలే తీస్తారనుకుందాం. అయినా కార్ట్రిడ్జ్ తొందరగా ఖాళీ అవుతుంది. ఎందుకు?

ఇంక్‌జెట్ సిరాలో ఎక్కువ భాగం నీరే. దాన్ని చిమ్మే నాజిల్ రంధ్రాలు వెంట్రుక కంటే సన్నవి. నల్లగొండ, పాలమూరు ఎండలకు వాటిలో సిరా గడ్డకడుతుంది. ఆ రంధ్రాలను శుభ్రపరచడానికి ప్రింటర్ మళ్లీ సిరానే వాడుతుంది. అంటే కాగితం మీదికి రాకుండానే కొంత సిరా ఖర్చవుతుందన్నమాట. కాబట్టి ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపండి, అప్పుడే నాజిళ్లపై మూత సరిగా పడుతుంది. గోడ స్విచ్ కట్టేస్తే అవి తెరిచే ఉండిపోవచ్చు. వారానికొక పేజీ అయినా తీస్తుండండి.

డ్రాఫ్ట్ పద్ధతిలో సిరా పలుచగా పడుతుంది. అయితే తెలుగులో ఒక చిక్కుంది. ద-ధ, డ-ఢ, ప-ఫ జంటలలో తేడా కింది చిన్న గీతే. అక్షరం మరీ చిన్నదైతే ఆ గీత, దానితోపాటు వత్తులూ కనబడవు. అందువల్ల డ్రాఫ్ట్‌లో అక్షరం 12 పాయింట్లకు తగ్గించకండి. రామభద్ర వంటి లావు ఫాంటును శీర్షికలకే ఉంచి, పాఠానికి మండలి వంటిది వాడండి. పీడీఎఫ్‌లో రంగుల అట్ట వదిలి, కావలసిన పేజీల సంఖ్యలే ఇవ్వండి.

హాల్ టికెట్‌కు మాత్రం డ్రాఫ్ట్ వద్దు. ఫొటో, సంతకం స్పష్టంగా ఉండాలి. దాన్ని జిరాక్స్ సెంటర్‌లో లేజర్ ప్రింటు తీయించుకోవడం మేలు, టోనర్ పొడి ఎండకు గడ్డకట్టే రకం కాదు.