తీపి టిఫిన్: ముందా, చివరా?

కరోల్ బాగ్ సందుల్లో పొద్దున్నే జిలేబీ మూకుడు పొయ్యెక్కుతుంది. చదువులకో ఉద్యోగాలకో ఢిల్లీ వచ్చిన తెలుగువారికి టిఫిన్ అంటే ఇడ్లీ, ఉప్మా. ఇక్కడ మాత్రం పూరీ పక్కన హల్వా, పాలతో జిలేబీ కూడా టిఫినే. మధుమేహం ఉన్నవారికి ఈ ప్లేటు ఏం చేస్తుంది? 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో వారి సంఖ్య సుమారు 10.1 కోట్లు.

ఒక చిన్న లెక్క చూద్దాం. పెద్దవారి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున డెసిలీటరుకు 100 మి.గ్రా. గ్లూకోజ్ ఉందనుకుంటే, రక్తం మొత్తంలో ఉన్నది 5 గ్రాములే. అంటే ఒక చెంచాడు! ప్లేటు జిలేబీ, రెండు పూరీలు కలిస్తే వాటిలోని పిండిపదార్థాలు, చక్కెర దీనికి పది రెట్లకు తగ్గవు. కాబట్టి ఎంత తిన్నామన్నదే కాదు, అది ఎంత వేగంగా రక్తంలో చేరి, ఎంత వేగంగా కణాల్లోకి వెళుతోందన్నదీ ముఖ్యమే. కుళాయి, తూము ఉన్న నీళ్ల తొట్టి లెక్కే ఇది.

ఉదయం పూట మధుమేహులకు తూము ఇరుకు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి. కాలేయం గ్లూకోజ్ విడుదల చేస్తుంది, ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. మిగతావారిలో క్లోమం అదనపు ఇన్సులిన్‌తో దీన్ని సర్దేస్తుంది.

కుళాయిని మాత్రం కొంత తిప్పవచ్చు. అమెరికాలోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో టైప్ 2 మధుమేహులకు ఒకే భోజనాన్ని రెండు క్రమాల్లో పెట్టి చూశారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, బ్రెడ్డు, పండ్లరసం చివర తీసుకున్న రోజున గంట తర్వాత గ్లూకోజ్ సుమారు 37 శాతం తక్కువగా ఉంది. పాల్గొన్నది 11 మందే, కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడక్కర్లేదు. కారణం మాత్రం అర్థమయ్యేదే: పీచు, మాంసకృత్తులు ముందుగా చేరితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. మన విస్తట్లో తీపి ముందే వడ్డిస్తారు, పాపం! మధుమేహులు ఆ మర్యాదను తిరగేసి, ఉడికించిన శనగలో, గుడ్డో, పెరుగో తిన్నాక ఒక్క జిలేబీతో ఆపడం మేలు. తర్వాత పదిహేను నిమిషాలు నడిస్తే తూము తెరుచుకుంటుంది. పనిచేసే కండరం ఇన్సులిన్‌పై పెద్దగా ఆధారపడకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. నూనె, నెయ్యి కూడా కడుపును నెమ్మదింపజేస్తాయి. గంటకు చూసిన రీడింగు బాగున్నా, ఆ తర్వాత పెరగవచ్చు. రెండు గంటలకు, వీలైతే మూడు గంటలకూ చూసుకోవాలి. తీపి లేదు కదా అని మైదా పూరీని వదిలేయకూడదు. గ్లైసీమిక్ సూచికలో తెల్ల బ్రెడ్డు సుమారు 75, చక్కెర 65!

ఇన్సులిన్, సల్ఫోనైల్‌యూరియా మందులు వాడేవారు టిఫిన్‌ను బట్టి మోతాదు సొంతంగా మార్చకూడదు. వారికి గ్లూకోజ్ 70 కంటే పడిపోయి చెమటలు, వణుకు మొదలైతే ఈ క్రమమేదీ వర్తించదు. అప్పుడు శనగలూ వద్దు, నూనెలో వేగిన జిలేబీ కూడా వద్దు. మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు వెంటనే తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోవాలి.