రౌటరు చిట్టాను చదువు విధము
కంప్యూటరు నెట్‌వర్కులను కలుపు రౌటరు తనలో జరిగిన ముఖ్యమైన మార్పులను పంక్తులుగా వ్రాసికొనును. సిస్కో రౌటర్లలో అట్టి పంక్తి యందు ‘%లింక్-3-అప్‌డౌన్’ వంటి గుర్తు కానవచ్చును. మొదటి పదము వార్త పుట్టిన భాగమును, చివరిది జరిగిన సంగతిని తెల్పును. నడిమి అంకె తీవ్రత. పెద్ద అంకె పెద్ద ఆపదయని క్రొత్తవారు భ్రమింతురు. నిజమునకు 0 అనగా యంత్రము పనికిరాని స్థితి, 7 అనగా కేవలము పరిశీలనకై వ్రాసిన మాట. తెగిన లింకు మరల కలిసినను ఆ 3 అంకెయే పడుట కొంత విచిత్రము. కావున అంకెతో తృప్తిపడక పంక్తిని తుదివరకు చదువవలెను.

ఈ వార్త వేరొక సర్వరునకు పోవునపుడు ముందు మరియొక సంఖ్య చేరును. దానిని 8చే భాగింపగా లబ్ధము వర్గమును, శేషము తీవ్రతను తెల్పును. 187 అయినచో వర్గము 23, తీవ్రత 3.

కాలము విషయమున మిక్కిలి జాగరూకత వలయును. 2001 నాటి ఆర్.ఎఫ్.సి. 3164 వివరించిన పాత పద్ధతిలో నెల, తేదీ, గంటలు కలవు గాని సంవత్సరము లేదు. 2009 నాటి ఆర్.ఎఫ్.సి. 5424 ఆ లోపమును తీర్చినది. సిస్కో చిట్టాలో కాలమునకు ముందు నక్షత్రపు గుర్తున్నచో ఆ గడియారము నమ్మదగినది కాదు. దీనిని గమనింపక రెండు రౌటర్ల గంటలను పోల్చి, ఏది ముందు చెడినదో తేల్చబూనినచో నింద చెడని యంత్రముపై పడవచ్చును.