బిలాస్‌పూరు గాలి, వేగపు కారు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉత్తరాంధ్రమునందలి పల్లెలను విడిచి, పొట్టచేత పట్టుకొని బిలాస్‌పూరునకు తరలివచ్చి, రైల్వే క్వార్టర్లలో కాపురములు పెట్టిన తెలుగువారి మనుమలును మునిమనుమలును, నేడు ఆగ్నేయ మధ్య రైల్వేలోను, బొగ్గు గనుల సంస్థలోను ఉద్యోగములు చేయుచు, తాతలు కలనైన తలపని ముచ్చటలను తీర్చుకొనుచున్నారు. ఆ ముచ్చటలలో వేగపు కారు ఒకటి. ఫెరారీలు ఈ పట్టణపు వీధులలో కనబడుట అరుదే కాని, 2013లో మన దేశమున వెలువడిన పోలో జి.టి. టి.ఎస్.ఐ., దానికంటె బలిష్ఠమైన ఆక్టావియా ఆర్.ఎస్. వంటి టర్బో బండ్లు ఉత్సాహవంతులైన యువకులకు ప్రాణము. అట్టి బండి చేతికి వచ్చిన కొలది దినములకే, “కంపెనీ ఫిల్టరు తీసేసి స్పోర్ట్స్ ఫిల్టరు వేయించు అన్నా, పికప్పు పెరుగుతాది” అని చెప్పు మిత్రుడొకడు తప్పక దొరకును. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అయినను ఈ ఊరి గాలికి అది తగిన సలహా కాదని నా దృఢాభిప్రాయము.

కిలో పెట్రోలు సక్రమముగా దహనము చెందుటకు 14.7 కిలోల గాలి కావలెను. అనగా లీటరు పెట్రోలునకు రమారమి 9,000 లీటర్ల గాలి. 40 లీటర్ల టాంకు ఖాళీ యగునప్పటికి ఇంజిను పీల్చినది 3,60,000 లీటర్లు. ఇంత గాలిని ఎచ్చటనుండి పీల్చుచున్నదో చూడుడు: ఒక దిక్కున సీపత్ థర్మల్ విద్యుత్కేంద్రము, మరియొక దిక్కున కోర్బా బొగ్గు గనులు, నడుమ బొగ్గును బూడిదను మోయు లారీలు, వాని చక్రముల క్రింద లేచు ఎఱ్ఱని దుమ్ము. చేతికి నల్లగా అంటుకొను బొగ్గుపొడిని చూచి మనము భయపడుదుము గాని అది మెత్తనిది. అసలు శత్రువు బూడిదలోను రోడ్డు ధూళిలోను దాగియున్న సిలికా. స్ఫటికరూపమున నున్న సిలికా కాఠిన్యము మోస్ కొలబద్దపై 7. అది ఇంజినులోని ఇనుపగోడను గీయగలదు. పిస్టను రింగునకును సిలిండరు గోడకును నడుమనుండు నూనెపొర మందము కొలది మైక్రాన్లు మాత్రమే. అంతే పరిమాణముగల రేణువు ఆ సందున చిక్కినచో ఆకురాయివలె పనిచేయును. పికప్పు పెరిగినదో లేదో సాయంకాలమునకే తెలియును. రింగులు అరిగి, నూనె తగ్గుచు, సైలెన్సరునుండి నీలిపొగ వెలువడుటకు ఏండ్లు పట్టును. కావుననే ఫిల్టరు మార్పునకును ఈ అరుగుదలకును గల సంబంధము పెక్కుమందికి తోచదు.

రైల్వేవారికి ఈ విషయము క్రొత్త కాదు. 1999లో అమెరికానుండి వచ్చి, పిమ్మట వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.జి.4 డీజిలు ఇంజినులో గాలి మొదట సుడితిరిగి బరువైన ధూళిని విడిచిపెట్టి, తరువాత సంచులవంటి ఫిల్టర్లగుండా పోయిన గాని టర్బోను చేరదు. వేలాది అశ్వశక్తి గల యంత్రమునకే రెండంచెల కాపలా అవసరమైనప్పుడు చిన్న కారు మాట చెప్పవలెనా?

ఇక బజారులోని సరకు. కంపెనీ ఫిల్టరనగా రెసిను పట్టించి మడతలుగా మడిచిన కాగితము. కారు కంపెనీలు దీనిని సామాన్యముగా స్వయముగా చేయవు. మాన్ హమ్మెల్, మాలే వంటి సంస్థలు చేసి ఇచ్చును. కనుక అట్టి సంస్థ తన పేరుతోనే అమ్ము కాగితపు ఫిల్టరును కొనుటలో నష్టమేమియు లేదు, డబ్బు కలిసివచ్చును. పేరు ఊరు లేని డూప్లికేటు మాత్రము ఎంత చవుకయైనను వలదు. స్పోర్ట్స్ ఫిల్టరు వేరు జాతి: తీగజల్లెడల నడుమ నూనె పట్టించిన నూలుగుడ్డ. 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఆరంభమైన కె అండ్ ఎన్ సంస్థ వలన ఇది లోకప్రసిద్ధమైనది. కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి మరల వాడుకొనవచ్చును. గాలికి అడ్డు కూడ తక్కువ.

ఆ తక్కువ యెంతయో లెక్క చూడవలెను. వాయుమండలపు ఒత్తిడి 101 కిలోపాస్కల్. శుభ్రమైన కాగితపు ఫిల్టరు పూర్తి వేగమున దానిలో హరించునది సామాన్యముగా ఒకటి రెండు కిలోపాస్కల్. అసలు ఫిల్టరే లేకున్నను కలుగు లాభము నూటికి ఒకటి రెండు పాళ్లన్న మాట! మరి ధూళి లెక్కయో? నూటికి 99 పాళ్లు ఆపు ఫిల్టరుకు బదులు 97 పాళ్లు ఆపుదానిని పెట్టినచో, తేడా రెండే యని తోచును. కాని లోపలికి పోవు దుమ్ము ఒక పాలునుండి మూడు పాళ్లకు పెరిగి మూడింతలగును. మైలేజి పెరుగునన్న ఆశ కూడ నిలువదు. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు ఫిల్టర్లను కావలెనని మూసి పరీక్షింపగా, నేటి ఇంజెక్షను కార్లలో మైలేజి చెప్పుకొనదగినంత మారలేదు, వేగము అందుకొనుట మాత్రమే మందగించినది. ఏలయన వచ్చిన గాలిని బట్టి పెట్రోలును కంప్యూటరే తగ్గించుచుండును.

ఫిల్టరుండు పెట్టెను తొలగించి ఇంజిను చెంత శంకువు ఆకారపు ఫిల్టరును బిగించు పద్ధతి మరింత అనర్థము. బిలాస్‌పూరు వేసవిలో బయటి గాలి 45 డిగ్రీలుండగా, బానెట్టు క్రింద వేడెక్కి 75 డిగ్రీలైన గాలిని పీల్చినచో, సాంద్రత నూటికి సుమారు 9 పాళ్లు పడిపోవును. అప్పుడు వినవచ్చు గంభీరమైన ధ్వనియే నడుపువానికి శక్తిగా భ్రమ కలిగించును. నూలు ఫిల్టరుకు నూనె అధికముగా పట్టించినచో అది ఎగిరి, గాలిని కొలుచు సెన్సారు తీగపై పేరుకొని, మరియొక ఖర్చు తెచ్చును.

కాగితపు ఫిల్టరు పెట్టించుకొన్నంతనే పని ముగియదు. క్లిప్పులు విప్పి పెట్టె తెరచి, ఫిల్టరు దాటిన తరువాతి గొట్టము లోపల తెల్లని గుడ్డతో తుడువుడు. గుడ్డకు దుమ్ము అంటినచో ఫిల్టరు చినిగియుండును, లేదా అంచు రబ్బరు సరిగా కూర్చొనియుండదు. ఎంత ఖరీదైన ఫిల్టరైనను ఆ సందుముందు వ్యర్థము. సర్వీసు స్టేషన్లలో కంప్రెసరుతో గాలి కొట్టుట నాకు సమ్మతము కాదు. కాగితముపై కుదిరిన పలుచని ధూళిపొర తానే మరింత సన్నని ధూళిని ఆపును. గట్టి గాలి ఆ పొరను ఊడగొట్టుటే గాక కాగితమునకు చిల్లులు పెట్టును. మాన్యువలు చెప్పిన గడువులో సగమునకే, ముఖ్యముగా బొగ్గు లారీల దారిలో తిరుగువారు, క్రొత్తది వేయించుకొనుట మేలు.

చెన్నపట్టణము దాపున ఇరుంగాట్టుకోట్టయిలోని పందెపు బాటకో, కోయంబత్తూరులోని దానికో బండిని తీసికొనిపోవువారికి నూలు ఫిల్టరు పనికివచ్చును. అచ్చటి బాట శుభ్రమైనది, పరుగు కొద్దిసేపటిది, ఇంజినును తరచుగా విప్పి చూచుకొనుట అచ్చటివారి అలవాటు. అట్టివారు కాగితపు ఫిల్టరును డిక్కీలో భద్రపరచుకొని, తిరుగుప్రయాణమునకు ముందే దానిని మరల బిగించుకొనవలెను.